పాతది కలపకు

"పాతది కలపకు," అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆమె అప్పుడు కూతురి డబ్బాలో అన్నం సర్దుతోంది. నిన్న మిగిలిన కూర సంగతి అంటున్నాడనుకుంది. ఉప్పు కాస్త తగ్గించు అన్నంత తేలిగ్గా అన్నాడు మరి. తీరా చూస్తే అతను చెప్తున్నది సైటు సంగతి. వెనక గోడ పక్కన, నేల ఎంత జరిగిందో తెలియడానికి భూమిలో దించిన కొలత పైపుని నిన్న లారీ గుద్ది వంచేసిందట. దాన్ని వదిలేసి పక్కనే కొత్తది దించమని, ఈ రోజునే సున్నా అనుకుని మొదలుపెట్టమని, ఇప్పటిదాకా పాత పైపు చూపించిన కదలికని కొత్త లెక్కలో కలపొద్దని అంటున్నాడు. మధ్యాహ్నం తనిఖీ అధికారి వస్తున్నాడు, ఆయన చూసేటప్పటికి అంతా శుభ్రంగా ఉండాలి.

"లారీ ఎప్పుడు గుద్దింది?" అని అడిగింది.

"గుద్దిందని చెప్తున్నాగా," అన్నాడు. తన డబ్బా తీసుకుని, కారు తాళాలు వెతుక్కుని వెళ్ళిపోయాడు. ఇద్దరూ వెళ్ళేది ఒక్క సైటుకే. అయినా ఆమె కోసం ఆగితే అతనికి ఆలస్యమవుతుంది. కూతుర్ని బడి బస్సు ఎక్కించి, అత్తగారికి మాత్రలిచ్చి, గిన్నెలు కడిగి, గ్యాసు కట్టేసి ఆమె సిటీ బస్సులో వెళ్తుంది. పెళ్ళయిన కొత్తలో ఇదేంటని అడిగింది కూడా. బస్సైతే నీకు కాస్త కూర్చునే టైము దొరుకుతుంది కదా అన్నాడు. అతని దగ్గర ప్రతిదానికీ ఒక మంచి సమాధానం ఉంటుంది.

చదువుకునే రోజుల్లో మట్టి పాఠాలు అతనికి ఒక పట్టాన ఎక్కేవి కావు. ఆమె పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. మా ఆవిడ దయవల్లే పాసయ్యానని ఇప్పటికీ పార్టీల్లో చెప్పి అందర్నీ నవ్విస్తాడు. అప్పట్లో ఒకర్నొకరు నువ్వు అనుకునేవాళ్ళు. పెళ్ళయిన వారానికి అత్తగారు ఆమెని పక్కకి పిలిచి, నలుగురిలో బాగోదమ్మా, మీరు అను అన్నారు. అతను మాత్రం నువ్వు దగ్గరే ఉండిపోయాడు. కూతురు పుట్టాక ఆమె ఉద్యోగం మానేసి కొన్నేళ్ళు ఇంట్లో ఉంది. తిరిగొచ్చేసరికి అతను సైటు ఇన్‌ఛార్జి, ఆమె అతని కింద కొలతలు తీసే ఇంజనీరు.

ఆ సైటు నేల సంగతి కాస్త చెప్పాలి. పైన చూస్తే గట్టిగానే కనిపిస్తుంది. కింద అంతా మెత్తటి బంకమట్టి, నీళ్ళు తాగి ఉబ్బి కూర్చున్న మట్టి. దానిమీద పెద్ద గిడ్డంగి లేపాలి. అందుకని ముందు మట్టిని గట్టిపరుస్తున్నారు. ఒక యంత్రం గిరగిరా తిరుగుతూ భూమిలోకి దిగి, సిమెంటు నీళ్ళని ఒత్తిడితో లోపలికి పంపి, మట్టితో కలిపి స్తంభంలా చేస్తుంది. ఒక స్తంభం పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. మంచి పనే, కాదనడానికి లేదు. కానీ లోపలికి కొత్తగా అంత సరుకు పోతే అక్కడున్న మట్టి ఎక్కడికి పోవాలి? పక్కకి జరుగుతుంది, పైకి ఉబ్బుతుంది. అంచుదాకా పిండి ఉన్న గిన్నెలో గరిటె దించిన వాళ్ళెవరికైనా తెలుస్తుంది ఇది. అందుకే ఇలాంటి చోట ఇళ్ళ పక్కన మొదలుపెట్టి ఇళ్ళకి దూరంగా జరుగుతూ పోవాలి. ముందు గట్టిపడ్డ స్తంభాలు అడ్డు నిలబడితే, తోసుకొచ్చే మట్టి ఖాళీ వైపుకి పోతుంది. ఇక్కడ దానికి సరిగ్గా తలకిందులుగా చేస్తున్నారు. వెనక గోడ అవతల సందులో ఇళ్ళున్నాయి. ఆ వైపు బురదగా ఉంది, యంత్రానికి దారి వెయ్యాలంటే పని ఆగిపోతుందని, రోడ్డువైపు నుంచి మొదలుపెట్టి రోజురోజుకీ ఇళ్ళమీదకి వస్తున్నారు.

మొదట్లోనే ఆమె ఆ మాట మీటింగులో చెప్పింది. అతను నవ్వి, మా మిల్లీమీటర్ మేడం ఇంట్లోనూ ఇంతేనండి, గ్లాసు బల్ల అంచుకి ఎంత దూరంలో పెట్టానో కొలుస్తుంది అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి సైటులో ఆమె పేరు మిల్లీమీటర్ మేడం అయిపోయింది. బయటికొచ్చాక మొహం మాడ్చుకుని, నలుగురిలో నన్ను అడ్డుకుంటావా, ఏదైనా ఉంటే ఇంట్లో చెప్పొచ్చుగా అన్నాడు. సరే కదా అని ఇంట్లో చెప్పబోయింది. ఇంటికొచ్చినా ఆఫీసు గోలేనా అని టీవీ పెట్టాడు. అంటే ఆఫీసులో ఆమె పెళ్ళాం, ఇంట్లో ఉద్యోగి. నోరు తెరవడానికి మిగిలిన చోటు బస్సు ఒక్కటే, అక్కడ వినేవాళ్ళు లేరు.

ఆ రోజు కూడా బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పాతది కలపకు అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. పైపు మారిస్తే పాత పైపులో ఎంత కదిలిందో దాన్ని కొత్త లెక్కకి కలిపి తీరాలి, అది ఈ పనిలో ఓనమాలు. కలపకపోతే ఇన్ని రోజులూ జరిగిన నేల జరగనట్టే. ఇంతకు మించి కదిలితే పని ఆపాలని లెక్కల్లో గీసుకున్న ఎర్రగీత దాటబోతున్న సంగతి ఎవరికీ తెలియదు. పని ఆగదు. ఇంతకీ ఆ మాట ఆమెకి కొత్తదా అంటే, అదీ కాదు. పెళ్ళయినప్పటి నుంచీ వింటూనే ఉంది. గొడవ పడ్డ మర్నాడు పొద్దున అతనే లేచి టీ పెట్టి తెచ్చిస్తాడు. సరే, అయిందేదో అయింది, ఇక్కడితో వదిలేద్దాం, ఈ రోజు నుంచి కొత్తగా ఉందాం అంటాడు. ఏ మొగుడు టీ పెట్టి ఇస్తాడే, బంగారంలాంటి మనిషి దొరికాడు అని చుట్టాలంతా అంటారు. వాడు మనసులో ఏదీ పెట్టుకోడమ్మా, నువ్వే అన్నీ తవ్వుతావ్ అంటారు అత్తగారు. పెట్టుకోవాల్సిన అవసరం అతనికి ఎప్పుడొచ్చింది గనక. పడ్డ మాటలు పడ్డ మనిషి దగ్గరే ఉంటాయి. అతను ప్రతిసారీ కొత్తగా మొదలుపెడతాడు, ఆమె మాత్రం పాతదాని మీద ఇంకో మాట వేసుకుంటుంది.

కూతురి కంటే ముందు ఒక బిడ్డ ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పుడు ఇంకో ఊళ్ళో ఇంకో సైటు. ఐదో నెల. పొద్దుటి నుంచీ నడుములో నొప్పిగా ఉంది, ఇంటికెళ్తానంది. అప్పటికి అతను ఇన్‌ఛార్జి కాదు, పైవాళ్ళ దగ్గర మంచి పేరు కోసం పాకులాడుతున్నాడు. ఈ ఒక్క పైపు చూసేసి వెళ్దాం, నువ్వు లేకపోతే నాకు కుదరదు అన్నాడు. ఆమె పరికరం పట్టుకుని వంగింది. ఆస్పత్రిలో అతను కూడా ఏడ్చాడు, అది అబద్ధం కాదు. ఇంటికి తీసుకొచ్చాక మాత్రం టీ కప్పు చేతికిచ్చి, ఇక ఆ మాట ఎత్తొద్దు, కొత్తగా మొదలుపెడదాం అన్నాడు. ఆడపిల్లా మగపిల్లాడా అని ఆమె అత్తగారిని అడిగింది. ఇప్పుడెందుకమ్మా అది అన్నారు. అతన్ని అడిగితే బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ కడుపొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, ఇది మొదటి కాన్పా అని అడిగింది డాక్టరు. ఆమె నోరు తెరిచేలోపు అత్తగారే, అవునండి, మొదటిదే అన్నారు. అతను ఫ్యాను వంక చూశాడు. డాక్టరు రాసుకుంది. ఇలాంటప్పుడు చెడ్డమాట ఎందుకమ్మా అన్నారు బయటికొచ్చాక అత్తగారు, తల నిమురుతూ. ఆవిడ దుర్మార్గురాలేం కాదు. కానీ కడుపులో కాళ్ళూ చేతులూ ఆడించిన ఆ బిడ్డని ఆ ఒక్కమాటతో లేకుండా చేశారు. ఆమె కూడా తలూపింది. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి ఏడుపొస్తుంది, బస్సులో కూడా వస్తుంది. పక్కసీటావిడ ఆ రోజు జరిగి కూర్చుని, కళ్ళలో దుమ్ము పడిందా అమ్మా అని అడిగింది. అవునండి అంది.

సైటులో ఇద్దరు కుర్రాళ్ళు కొత్త పైపుతో సిద్ధంగా ఉన్నారు. సారు చెప్పారు మేడం, మీరు ఊ అంటే దించేస్తాం అన్నారు. ఆమె ముందు పాత పైపు దగ్గరికి వెళ్ళింది. లారీ గుద్దిన ఛాయలు ఎక్కడా లేవు. మూత మీద గీత కూడా పడలేదు, చుట్టూ మట్టి మీద టైర్ల గుర్తులు లేవు. పైపు నిటారుగా నిలబడి ఉంది. మూత తీసి, తాడు పట్టుకుని పరికరం లోపలికి వదిలింది. రోజూ గాడిలో పడి జారుతూ కిందిదాకా పోయేది, ఈసారి కొంతదూరం వెళ్ళి ఆగిపోయింది. పైకి లాగి మళ్ళీ వదిలింది. మళ్ళీ అక్కడే ఆగింది. పైన అంత చక్కగా కనిపిస్తున్న పైపు లోపల, పరికరం పట్టనంతగా వంగిపోయింది. పైనుంచి గుద్దితే లోతులో వంగదు. నేలే దాన్ని ఇళ్ళవైపు తోసింది.

ఇంకా కొత్త పైపు దించకండి అని కుర్రాళ్ళతో చెప్పి, గోడ చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళింది. మొదటి ఇల్లు టైలరమ్మది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది, సందులో అందరూ అలాగే పిలుస్తారు. ఆమె మాత్రం అక్కా అంటుంది. వెనక గదిలో గోడ బీటలిచ్చినప్పుడు ఆ బీటకి అడ్డంగా సన్నటి గాజుపలక అతికించింది ఆమే. గోడ కదిలితే గాజు పగులుతుంది, అదే దాని పని. గోడకి కూడా కట్టు కట్టావా అమ్మా అని నవ్వింది ఆ రోజు టైలరమ్మ. తలుపు పట్టేస్తోందంటే, నువ్వే లావయ్యావ్ అంటాడు మా ఆయన అని కూడా చెప్పి నవ్వించింది. నవ్వాక, నిజం చెప్పమ్మా, పర్వాలేదా మాకు అని అడిగింది. భర్త ఏం చెప్పమన్నాడో ఆమె అదే చెప్పింది. పాత గోడలక్కా, ఎండకీ వానకీ బీటలిస్తాయి, కంగారేం లేదు అంది. సందులో ప్రతి ఇంట్లోనూ అదే చెప్పింది. ఆమె మొహం చూసి అందరూ నమ్మారు. మీ సారు చెప్తే నమ్మేదాన్ని కాదు గానీ నువ్వు చెప్పావు కదా అంది టైలరమ్మ.

ఇప్పుడు ఆవిడ ముందుగదిలో మిషను దగ్గర కూర్చుని కాలర్లు కుడుతోంది. ఆమెని చూడగానే మొహం విప్పారింది. మంచి సమయానికి వచ్చావ్, దా దా అంటూ చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ మంచం మీద టైలరమ్మ కూతురు పడుకుని ఉంది, పచ్చి బాలింత. పక్కన గుడ్డ ఉయ్యాల. నిన్ననే ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నాం అంది టైలరమ్మ, అల్లుడు వాళ్ళింట్లోనే ఉంచుదామన్నాడు, గోడ పర్వాలేదని నువ్వు చెప్పావుగా, అందుకే ఇక్కడికే తెచ్చేసుకున్నా. మనవరాలు పుట్టిన సంబరంలో ఆవిడ మాట ఆగడం లేదు. ఆమెకి అదేం వినబడలేదు. బీట వంక చూస్తోంది. గాజుపలక లేదు. అదా, పొద్దున ఊడుస్తుంటే ముక్కలై కిందుంది, పిల్లల కాళ్ళకి గుచ్చుకుంటుందని పారేశా అంది టైలరమ్మ. బీటలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది. గోడ బయటివైపు ఒరిగింది. పైన దూలం కొస గోడ మీద ఆనీ ఆననట్టు ఉంది, అది జరిగిన చోట కొత్తగా రాలిన సున్నం. ఆ దూలానికే ఉయ్యాల వేలాడుతోంది.

అప్పుడే గోడ అవతల యంత్రం మొదలైంది. నేలలోంచి సన్నగా అదురు వచ్చి కాళ్ళకి తగిలింది.

"అక్కా, పాపని తియ్యండి," అంది ఆమె. "అందరూ బయటికి పదండి. ఈ గోడ కదులుతోంది."

"ఇప్పుడా?" అంది టైలరమ్మ.

"ఎప్పటి నుంచో కదులుతోంది. నాకు తెలుసు."

టైలరమ్మ ఆమె మొహంలోకి చూసింది. ఆవిడ అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"తెలిసే పర్వాలేదన్నావా?"

"అన్నాను."

టైలరమ్మ ఉయ్యాల్లోంచి పాపని తీసి ఆమె చేతుల్లో పెట్టి, కూతుర్ని మంచం మీంచి లేపడానికి వంగింది. ఆమె పాపని గుండెకి అదుముకుని సందులోకి వచ్చింది. బరువే లేదు. కళ్ళు మూసుకుని నిద్రపోతోంది, ఇంత జరుగుతున్నా దానికేం పట్టలేదు. ఒంటిచేత్తో ఫోను తీసి యంత్రం ఆపమని సూపర్‌వైజరుకి చెప్పింది. సారు చెప్పకుండా ఎలా ఆపను మేడం అన్నాడు అతను. తప్పు అతనిది కూడా కాదు. ఆ సైటులో ఆమె మాటతో ఆగిన పని ఇంతవరకూ ఒక్కటీ లేదు.

సందు మొదట్లో కారు ఆగింది. తనిఖీ అధికారికి ఇళ్ళు కూడా చూపించి మెప్పు పొందుదామని భర్తే తీసుకొచ్చాడు. ఆమెని, చేతిలో పసిబిడ్డని, ఆమె వెనకాలే సందు గోడ పట్టుకుని అడుగులేస్తున్న బాలింతని చూసి అతని నవ్వు సగంలో ఆగింది. అయినా సర్దుకున్నాడు, సర్దుకోవడంలో అతని తర్వాతే ఎవరైనా. మా ఆవిడేనండి అన్నాడు అధికారితో. కాస్త కంగారు మనిషి, పిల్లలంటే ప్రాణం. అధికారి నవ్వి ఆమెకి నమస్కారం పెట్టి, కొత్త పైపులో కదలికేమీ లేదట కదమ్మా, మంచిది అన్నాడు.

భర్త ఆమె దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, ఇంట్లో మాట్లాడుకుందాం, ప్లీజ్ అన్నాడు. నిజంగానే బతిమాలుతున్నాడు. ఆ మొహం ఆమెకి బాగా తెలుసు, ఇన్నేళ్ళుగా ఆ మొహం చూసే ఆగిపోయింది. ఇప్పుడు నోరు విప్పితే ఇతని ఉద్యోగం పోవచ్చు. తనదీ పోవచ్చు. కూతురు, అత్తగారి మందులు, ఇల్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. జాలి కూడా వేసింది, ఎందుకు వెయ్యదు, ఒకప్పుడు తనే పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పిన మనిషి. చేతుల్లో పాప నిద్రలో ఆవలించింది.

ఆమె అతన్ని దాటి అధికారి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆయన నా భర్త. ఆ సంగతి మేం తర్వాత తేల్చుకుంటాం. ఇక్కడ కొలతలు తీసే ఇంజనీరుని నేను. కొత్త పైపు ఇంకా దించలేదు. పాతదాన్ని లారీ గుద్దలేదు, లోపల నేల తోసి వంచింది, పరికరం కూడా దిగట్లేదు. ఇళ్ళ దగ్గర మొదలుపెట్టాల్సిన పనిని ఇళ్ళమీదకి తోసుకొచ్చాం. ముందు ఆ యంత్రం ఆపించండి."

అధికారి భర్త వంక చూశాడు. అధికారి టైలరమ్మ ఇంట్లోకి వెళ్ళి పైకి చూసి, వెంటనే బయటికొచ్చి ఫోను తీశాడు. కాసేపటికి యంత్రం ఆగింది. ఆ సందులో అంత నిశ్శబ్దం విని ఎన్నాళ్ళో అయింది. చప్పుడు ఆగగానే పాప ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. టైలరమ్మ వచ్చి పాపని ఆమె చేతుల్లోంచి తీసుకుంది. థాంక్స్ లేదు, తిట్టూ లేదు. మొహంలోకి చూడకుండా తీసుకుని, ఎదురింటి అరుగు మీద కూర్చున్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మిషను లోపలే ఉండిపోయింది, సగం కుట్టిన కాలర్లతో సహా. ఆవిడ ఇక జన్మలో తనని నమ్మదని ఆమెకి అర్థమైంది. ఏడుపొచ్చింది. ఈసారి దుమ్మని ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

భర్త పక్కన వచ్చి నిలబడ్డాడు.

"నా పరువు తీశావ్. అయినా సరే, ఇక్కడితో వదిలేస్తున్నాను," అన్నాడు. "కారెక్కు, ఇంటికి పోదాం."

ఏళ్ళ తరబడి ఎక్కమని అనని కారు. ఆమె దాని వంక చూసింది, అతని వంక చూసింది. కోపం ఉందో లేదో కూడా ఆమెకి తెలియలేదు, బరువు మాత్రం ఉంది.

"మీరు వెళ్ళండి," అంది. "నాకు ఇంకా పనుంది."

కళ్ళు తుడుచుకుని పక్కింటి తలుపు దగ్గరికి వెళ్ళి తట్టింది. లోపల తలుపు పట్టేసినట్టుంది, ఎవరో గట్టిగా లాగుతున్నారు. చివరికి ఊడినట్టుగా తెరుచుకుంది. ఒక ముసలాయన కళ్ళజోడు సర్దుకుంటూ, ఓ నువ్వా అమ్మా, రా, లోపలికి రా అన్నాడు.

ఆమె గుమ్మం బయటే నిలబడింది.

"పోయిన నెల మీ ఇంటికేం కాదని చెప్పింది నేనే," అంది. "అది అబద్ధం. మీరే బయటికి రండి."